సూర్యుడు నీళ్లు తాగే రోజు

ఒకానొక రాజ్యంలో నీడకి కూడా కాపలా పెట్టారంటే మీరు నమ్మరు. పొన్నగిరి వాళ్లయితే నమ్ముతారు. ఆ కాపలా భటుల చేత తిట్లు తిన్నవాళ్ల మనవలు అక్కడ ఇంకా ఉన్నారట.

ఆ పొన్నగిరిని ఏలిన రాజు పేరు ప్రచండభానుడు. తమది సూర్యవంశమని చెప్పుకొనేవాడు. వంశవృక్షానికి మొదట్లో సూర్యుడు ఉండేవాడు, చివర్లో తాను ఉండేవాడు. మధ్యలో ఎవరున్నారని అడిగితే మాత్రం ఆయనకి కోపం వచ్చేది. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే పొగడ్త వినపడితే ఆయనకి చెవులు తప్ప మరేదీ పనిచేసేది కాదు.

ఒక ఏడు పొరుగు రాజుతో ఏదో చిన్న తగాదా వచ్చింది. అందులో గెలిచాననిపించుకుని, ఆ గెలుపుకి గుర్తుగా ప్రచండభానుడు ఒక రాతిస్తంభం నిలబెట్టించాడు. తాటిచెట్టుని మించిన ఎత్తు. దానికి దక్షిణాన కోట ఉంది. ఉత్తరాన, సరిగ్గా స్తంభం మొదట్లోంచి, సాలెవీధి మొదలవుతుంది.

స్తంభం నిలిచిన రోజునే చాటింపు వేయించాడు.

"ఈ స్తంభం రాజుగారి కీర్తి. దీని నీడ రాజుగారి కీర్తికి నీడ. దాన్ని తొక్కినవాడు రాజుగారిని తొక్కినట్టే!"

ఇక చూడండి ఊరి అవస్థ. పొద్దున్నే ఆ నీడ పడమటి వైపు కూరగాయల అంగడి మీద చాపలా పరుచుకునేది. వంకాయల గంపతో వచ్చిన ఆడవాళ్లు కాలువ దాటినట్టు దాన్ని గెంతి దాటేవారు. సాయంత్రానికి తూర్పున ఏనుగులశాల వైపు పోయేది. నీడ తొక్కకూడదని మనుషులకి చెప్పొచ్చు, ఏనుగుకి ఎవరు చెబుతారు? ఈటెలు పట్టుకున్న భటులు నీడ వెంట పొద్దస్తమానం ఊరంతా జరుగుతూ తిరిగేవారు.

ఆ కొలువులో బయ్యన్న అనే విదూషకుడు ఉన్నాడు. అందరినీ నవ్వించడం అతని ఉద్యోగం, కనపడ్డ ప్రతిదాని గురించీ ప్రశ్న అడగడం అతని జబ్బు. ఆకాశం ఎందుకు నీలం, చుక్కలు ఎందుకు మినుకుమంటాయి, గురుడూ శుక్రుడూ ఎందుకు మినుకుమనవు అని అడిగి అడిగి, పండితుల చేత 'నీ ప్రాణం తీస్తాం' అనిపించుకున్నవాడు.

ఒకనాడు అతను కొలువుకి వచ్చి దిగులుగా మొహం పెట్టాడు.

"ఏమయింది బయ్యన్నా?" అన్నాడు రాజు.

"ఏలినవారికి యుద్ధం తప్పేలా లేదు ప్రభూ. ఇవాళ పొద్దు పొడిచేటప్పుడు చూశాను. మన స్తంభం నీడ సాగి సాగి పొలిమేర దాటి, పొరుగు రాజుగారి జొన్నచేలో పడింది. ఆ చేనుకి కాపుకాసేవాడు దాని మీద కూర్చుని చద్దన్నం తింటున్నాడు. మన భటుల్ని పంపమంటారా, సైన్యాన్నే పంపమంటారా?"

సభ అంతా గొల్లున నవ్వింది. రాజు మీసం మీద చెయ్యి వేశాడు. నవ్వాలో కోప్పడాలో ఆయనకి తెలియలేదు.

అప్పుడు లేచాడు ఆస్థాన జ్యోతిష్కుడు త్రివిక్రమ జోస్యులు. గగనకేసరి అని బిరుదు. హిమాలయాల దాపున ఎక్కడో పెద్ద గురుకులంలో చదువుకుని వచ్చినవాడు. మాట ఎత్తితే 'మా గురుకులంలో' అనే ఎత్తుతాడు.

"మహారాజా, నీడల్లో శుద్ధమైనది ఒక్కటే, నడి మధ్యాహ్నపు నీడ. నేల చదును చేసి ఒక శంకువుని, అంటే నిటారైన కర్రని, నాటుతాం. చుట్టూ ఒక వృత్తం గీస్తాం. పొద్దున కర్ర నీడ కురచవుతూ వచ్చి దాని కొన వృత్తాన్ని ఒకచోట తాకుతుంది. మధ్యాహ్నం తిరిగాక మళ్లీ పొడుగవుతూ ఇంకోచోట తాకుతుంది. ఆ రెండు గుర్తుల నడిమధ్య నుంచి కర్ర మొదటికి గీత గీస్తే అది ఉత్తర దక్షిణ రేఖ. నీడ ఆ గీత మీదికి వచ్చిందా, అదే నడి మధ్యాహ్నం. ఆ రోజు మొత్తంలో కురచ నీడ అదే. ఆ ఒక్క నీడకే కాపలా పెడితే చాలు."

"ఆ నీడ ఎటు పడుతుంది జోస్యులుగారూ?" అన్నాడు బయ్యన్న. జబ్బు ఊరుకోదు కదా.

"ఉత్తరానికే. చలికాలంలో కొంచెం పొడుగ్గా, వేసవిలో కొంచెం పొట్టిగా. కానీ ఎప్పుడూ ఉత్తరానికే. మా గురుకులంలో నేనున్నన్నాళ్లూ ఒక్క పూట కూడా అది దారి తప్పలేదు."

రాజు ముఖం విప్పారింది. "ఉత్తరాన అంటే సాలెవీధి. చాలా బాగుంది. ఉగాది లోపల ఆ వీధి ఖాళీ చేయించండి. అక్కడ ఛాయావనం అని ఒక తోట వేయిద్దాం. మా నీడ పువ్వుల మీద పడాలి గాని మగ్గాల మీద పడడం ఏమిటి!"

బయ్యన్న నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

సాలెవాళ్లకి వీధి అంటే నడిచే దారి మాత్రమే కాదు. తెల్లవారగానే నూలు పడుగుని వీధి పొడుగునా చాపుతారు. ఈ కొస నుంచి ఆ కొస దాకా కర్రలు పాతి, గంజి పట్టించి, ఇంటిల్లపాదీ అటూ ఇటూ నడుస్తూ దువ్వుతారు. అంత పొడుగైన, తిన్నని వీధి లేకపోతే పడుగు లేదు. పడుగు లేకపోతే మగ్గం లేదు, ఆ పూట కూడు లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, బయ్యన్న చేసిన హాస్యం వెళ్లి వాళ్ల మీద పడింది.

ఆ మధ్యాహ్నం అతను సాలెవీధికి వెళ్లాడు. వీధి మొగలోనే, స్తంభానికి తూర్పు పక్కగా నాలుగడుగుల దూరంలో, పాత రాతినుయ్యి ఉంది. నాంచారమ్మ అనే పెద్దావిడ అక్కడ నీళ్లు తోడుతోంది. అతన్ని చూడగానే చేద నేల మీద పెట్టి, కొంగు నడుముకి బిగించింది.

"రండి బాబూ, రండి. మీ నోటిదురద మా కొంపలు ముంచింది. ఇంకేం ముంచడానికి వచ్చారు?"

"తప్పయింది నాంచారమ్మా. నేను ఒకటి తలిస్తే ఇంకొకటి అయింది."

"మీకు తప్పయిందంటే సరిపోయింది. మాకు? ఈ పడుగులు మా నెత్తిన చాపుకోమంటారా? వైశాఖం వస్తే ఇక్కడ పండగ చేసుకునేవాళ్లం, అదీ పోయె. మా అత్తకి అత్త నాటి నుంచి చేస్తున్నాం."

"వైశాఖంలో ఏం పండగ?"

"సూర్యుడు నీళ్లు తాగే రోజండీ."

బయ్యన్న చెవులు నిక్కించాడు. "తాగడం ఏమిటి? ఎక్కడ?"

"ఎక్కడేమిటి, ఈ నూతిలోనే. ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం సూర్యుడు దిగి అడుక్కంటా వచ్చి నీళ్లలో కూర్చుంటాడు. గుండ్రంగా, ఇత్తడి పళ్లెంలా. రెప్పపాటు సేపే. ఆ రోజు నూతికి పసుపూ బొట్టూ పెట్టి, పానకం చేసి అందరికీ పోస్తాం. ఆషాఢం దాటాక ఇంకోమారు వస్తాడట గాని, మబ్బుల్లో ఎప్పుడు చూశాం?"

"ఆ రోజు ఫలానా అని మీకెలా తెలుస్తుంది?"

"చూడరాదూ?" అంది నాంచారమ్మ విసుగ్గా.

బయ్యన్న నూతిలోకి వంగి చూశాడు. మధ్యాహ్నపు ఎండ ఉత్తరపు గోడ మీద కొంతమేర దిగి ఆగిపోయింది. కింద అంతా చీకటి. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఎండ రాయి వెంట రాయి దిగుతోంది, ఎవరో మెట్లు దిగుతున్నట్టుగా. అతను నుయ్యి వైపు చూశాడు, తల ఎత్తి స్తంభం వైపు చూశాడు, మళ్లీ నుయ్యి వైపు చూశాడు. ఉన్నట్టుండి నాంచారమ్మకి రెండు చేతులెత్తి దండం పెట్టి, కోట వైపు పరుగు తీశాడు.

"పిచ్చెక్కినట్టుంది," అందామె. ఆ మాటలో కాస్త జాలి కూడా ఉంది.

కొలువులో బయ్యన్న రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, ఒక అన్యాయం జరుగుతోంది. సూర్యవంశపు రాజుగారి కీర్తిని చలికాలపు సూర్యుడితో కొలుస్తున్నారు. ఆ సూర్యుడేం సూర్యుడండీ! నడినెత్తికి ఎక్కే ఓపిక లేక, దక్షిణాన పక్కవాటుగా పాకుతూ పోయేవాడు. తమ నీడని కొలవాలంటే సూర్యుడు పూర్తి ప్రతాపంతో వెలిగే రోజున కొలవాలి."

"నిజమే!" అన్నాడు రాజు. సూర్యుడి ప్రతాపం పెరిగితే నీడ కూడా పెరుగుతుందనే ఆయన అనుకున్నాడు. ఆ మాట తప్పని జోస్యులుగారికి తెలుసు గాని, రాజు 'నిజమే' అన్నాక కాదనే అలవాటు ఆయనకి లేదు.

"ఆ రోజు ఏదో ముందురోజు నేను మనవి చేస్తాను. మధ్యాహ్నం ఎప్పుడయిందో జోస్యులుగారే తేలుస్తారు. ఆ క్షణాన స్తంభం నీడ సాలెవీధిలో వేలెడు పడినా సరే, వీధి తమది. వాళ్లతో పాటు నేనూ మూట కట్టుకుని రాజ్యం దాటిపోతాను. పడకపోతే వీధి వాళ్లది. ఇంకెన్నడూ నీడ మాట ఎత్తకూడదు."

జోస్యులు పకపకా నవ్వాడు. "ఎండ ఉండి, స్తంభం ఉండి, నీడ పడకపోవడమా! మహారాజా, ఒప్పుకోండి. మూట కట్టుకోమనండి."

రాజు ఒప్పుకున్నాడు. గడువు ఉగాది నుంచి వైశాఖానికి జరిగింది.

ఆ తరవాత బయ్యన్న రోజూ మధ్యాహ్నం నూతిలోకి తొంగిచూడడం ఊరంతా వింతగా చెప్పుకుంది. వైశాఖంలో ఒకనాడు ఎండ నీటి అంచుకి దిగింది. అతను కోటకి వెళ్లి, "రేపే," అన్నాడు.

మర్నాడు స్తంభం చుట్టూ ఊరు ఊరంతా చేరింది. సాలెవాళ్లు వీధి మొగలో గుంపుగా నిలబడ్డారు. చంకల్లో పిల్లలు కూడా ఏడవడం మానేశారు. నాంచారమ్మ ఒక్కతే వాళ్లలో లేదు. ఆమె నూతి గట్టుకి పసుపు రాస్తోంది. "తీర్పు మీరు చూసుకోండి. ఇదే ఆఖరి పండగైతే దీన్నెందుకు పోగొట్టుకుంటాను?" అంది.

పొద్దున ఒక తెల్లమబ్బు ఎటునుంచో వచ్చి ఆకాశం మధ్యలో తారట్లాడింది. మబ్బు పట్టిందా, నీడా ఉండదు, తీర్పూ ఉండదు. బయ్యన్న దాని మీంచి చూపు తిప్పలేదు. అదృష్టం, అది తూర్పుకి జారిపోయింది.

ప్రచండభానుడు గజ్జెల గుర్రం దిగి, వెల్లగొడుగు కింద నడుచుకుంటూ వచ్చాడు.

"ప్రభూ, ఆ గొడుగు నీడ స్తంభం నీడతో కలిసిపోతుంది. ఒక్క క్షణం తీయించండి," అన్నాడు బయ్యన్న.

గొడుగు తీశారు. రాజు కిరీటంతో, నడి ఎండలో నిలబడ్డాడు.

జోస్యులు ముందే గీసి ఉంచిన గీత పక్కన కూర్చున్నాడు. స్తంభం నీడ పడమటి నుంచి కుంచించుకుంటూ వస్తోంది. బారెడయింది. మూరెడయింది. జోస్యులు ఉత్తరపు గీత మీదే చూపు నిలిపి, అది అటు తిరగడం కోసం చూస్తున్నాడు. అది తిరగలేదు. జానెడయి, బెత్తెడయి, ఇంటికొచ్చిన పిల్లిలా స్తంభం మొదట్లోకి దూరి కూర్చుంది. తూర్పున లేదు, పడమర లేదు, ఉత్తరాన అసలే లేదు.

"మధ్యాహ్నం అయిందా జోస్యులుగారూ?" అన్నాడు బయ్యన్న మెల్లిగా.

జోస్యులు లేచి స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. చివరికి, "అయింది," అన్నాడు. ఒకటి మాత్రం చెప్పాలి, ఆయన అబద్ధం ఆడలేదు.

సాలెవీధి మొగలో ఒక్కసారిగా కేకలు లేచాయి. ఆ కేకల్లోంచి ఎవరో గట్టిగా అరిచారు.

"అయ్యబాబోయ్! రాజుగారికి కూడా నీడ లేదు!"

ప్రచండభానుడు ఉలిక్కిపడి కిందికి చూసుకున్నాడు. కాళ్ల చుట్టూ, పొట్ట కొలతకి సరిపడా, గుండ్రటి మచ్చ తప్ప నీడ లేదు. ముందుకి చూశాడు, వెనక్కి తిరిగి చూశాడు.

"బయ్యన్నా! ఏమిటిది? మా నీడ ఏది?"

"పెద్దలు చెప్పగా విన్నాను ప్రభూ. నీడ లేనివాళ్లు రెండే రకాలట, దేవతలు, దయ్యాలు. తమరు ఎవరో చెప్పేటంతవాణ్ణి కాను. గుర్తు మాత్రం చెప్పగలను. దేవతలు ఇళ్లు నిలబెడతారు, దయ్యాలు ఇళ్లు ఖాళీ చేయిస్తాయి."

రాజు బయ్యన్న వైపు చూశాడు, సాలెవీధి వైపు చూశాడు.

"వీధి వాళ్లదే. ఆడిన మాట తప్పం. కానీ ఇది ఏ మాయ? చెప్పకపోతే మాకు ఇవాళ అన్నం సయించదు."

"మాయ కాదు ప్రభూ. త్వరగా ఇటు రండి, ఆయన ఎక్కువసేపు ఉండడు," అంటూ బయ్యన్న రాజుని నుయ్యి వైపు నడిపించాడు. నడుస్తూనే చెప్పాడు. "సూర్యుడు ఏడాది పొడుగునా ఒకే దారిన పోడు. దక్షిణాయనంలో రోజూ కాస్త దక్షిణానికి ఒరుగుతాడు, ఉత్తరాయణంలో కాస్త ఉత్తరానికి. దక్షిణాన ఉన్నప్పుడు మన నీడ ఉత్తరాన పడుతుంది. అలా ఉత్తరానికి వస్తూ వస్తూ ఒకనాటి మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. జోస్యులుగారి భాషలో దాన్నే ఖమధ్యం అంటారు. తిన్నగా పైనుంచి వెలుగు పడితే, తిన్నగా ఉన్న స్తంభం నీడని ఎటు పారేయగలదు?"

"మరి మా గురుకులంలో..." అని గొణిగాడు వెనకాలే వస్తున్న జోస్యులు.

"మీ గురుకులం చెప్పింది అబద్ధం కాదు జోస్యులుగారూ. సూర్యుడు ఉత్తరానికి వచ్చేది కర్కటరేఖ దాకానే. అక్కడి నుంచి వెనక్కి తిరిగిపోతాడు. హిమాలయాలు ఆ రేఖకి అవతల ఉన్నాయి. అక్కడి వాళ్ల నెత్తి మీదికి ఆయన ఎన్నడూ రాడు, అందుకే వాళ్ల మధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే. మీరు పాఠం తెచ్చుకున్నారు గాని, ఆకాశాన్ని అక్కడే వదిలి వచ్చారు."

జోస్యులు ఆగిపోయాడు. ఆయన మొహంలో అవమానం కన్నా ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "అయితే రేపటి నుంచి సూర్యుడు మనని దాటి ఉత్తరానికి జరుగుతాడు. నీడ దక్షిణానికి పడాలి!"

"పడుతుంది. దక్షిణాన కోట ఉందని రాజుగారికి నేను గుర్తు చేయనక్కరలేదు," అన్నాడు బయ్యన్న.

రాజు అదేమీ వినడం లేదు. అప్పటికే నూతి గట్టు దగ్గరికి చేరి, చిన్నపిల్లవాడిలా రెండు చేతులూ ఆనించి, కిరీటంతో సహా లోపలికి వంగాడు.

"ఏడీ? ఎక్కడ? మాకు చీకటి తప్ప ఏమీ కనపడదే!"

పక్కనే పానకం చెంబుతో నిలబడ్డ నాంచారమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"కాస్త తల పక్కకి తియ్యండి బాబూ! మీరు అడ్డమొస్తే సూర్యుడు నీళ్లు ఎలా తాగుతాడు?"

బయ్యన్న కళ్లు మూసుకున్నాడు. భటులు ఈటెలు బిగించారు. సూర్యవంశపు రాజుని సూర్యుడికి అడ్డమని అన్న మనిషి ఆ రాజ్యంలో అంతకు ముందు లేదు.

ప్రచండభానుడు నిటారుగా లేచాడు. ఆమె వైపు చూశాడు. తరవాత, ఎవరూ చెప్పకుండానే కిరీటం తీసి బయ్యన్న చేతిలో పెట్టి, ఒక అడుగు పక్కకి జరిగి, మెడ మాత్రం చాపి చూశాడు. అడుగున, ఆ చల్లటి నల్లని నీళ్లలో, గుండ్రంగా ఇత్తడి పళ్లెంలా సూర్యుడు కూర్చుని ఉన్నాడు.

రాజు నవ్వడం మొదలుపెట్టాడు. మొదట మెల్లిగా, తరవాత పొట్ట పట్టుకుని, చివరికి నూతి గట్టు మీద కూలబడి నవ్వాడు. ఆయన నవ్వు నూతిలో పడి, రెండింతలై పైకి వచ్చింది. వీధి వీధంతా నవ్వింది.

"బయ్యన్నా, నీకు మాన్యం ఇస్తున్నాం. ఇవాళ మధ్యాహ్నం మా స్తంభం నీడ పడినంత మేర నీదే!"

"ధన్యుణ్ణి ప్రభూ," అన్నాడు బయ్యన్న వంగి దండం పెడుతూ. "దానికి కంచె వేసే పని కూడా లేదు. కాపలాకి మాత్రం ఆ ఈటెల భటుల్నే ఇప్పించండి, పాపం, వాళ్లు నీడ వెంట తిరగడానికి అలవాటు పడ్డారు."

రాజు మళ్లీ నవ్వి, తన భుజం మీది జరీ శాలువా తీసి అతనికి కప్పాడు. ఆ శాలువా నేసింది ఆ వీధిలోనే. జోస్యులు ఆ రోజు నుంచి సాలెవీధి మొగలో పీట వేసుకుని, రోజూ మధ్యాహ్నం నీడ కొలవడం మొదలుపెట్టాడు. పానకం మూడు చెంబులు తాగాడని కూడా చెబుతారు.

నీడ కాపలా ఆ పూటతో ఎత్తేశారు. స్తంభం మాత్రం అక్కడే ఉండిపోయింది. సాలెవాళ్లు దాన్ని చూసి పొద్దు తెలుసుకుని, దాని మొదట్లోంచే పడుగు చాపుకునేవారు. వైశాఖంలో సూర్యుడు నీళ్లు తాగే రోజు వస్తే ఇక సాలెవీధే కాదు, కోట కోటంతా ఆ నూతి దగ్గరికి వచ్చేది. ఒకరి తరవాత ఒకరు వంగి చూసేవారు. ఎవరైనా కొంచెం ఎక్కువసేపు వంగితే నాంచారమ్మ కేక వేసేది. అందరికన్నా ముందు తల పక్కకి తీసేది మాత్రం రాజుగారే.